టేకు పెడితే చతికిలబడే టేబుల్ సా: రెండుసార్లు తిరగాల్సి వచ్చిన కేసు

"తమ్మీ, మిషన్ల దమ్ము పోయింది. జర వచ్చి చూడు." ఫోన్‌లో పెద్దాయన చెప్పింది ఇంతే. ఆయన వడ్రంగి పనిలో నలభై ఏళ్లుగా ఉన్నారు. ముషీరాబాద్‌లో టింబర్ డిపోల మధ్య ఉన్న షాపును మూడు నెలల కింద ఖాళీ చేసి, బోడుప్పల్ వైపు ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నారు. నేను మోటర్లు, చిన్న మిషన్లు రిపేరు చేస్తాను. మా షాపు నాచారంలో ఉంది, కాబట్టి బండి మీద ఎంతో దూరం కాదు.

మిషన్ గురించి ముందు చెప్పాలి. అది టేబుల్ సా, అంటే బల్ల మధ్య నుంచి గుండ్రటి రంపపు బ్లేడు పైకి వచ్చి తిరిగే కోత మిషన్. కాస్ట్ ఐరన్ టేబుల్, యాంగిల్ ఐరన్ కాళ్లు, 12 అంగుళాల బ్లేడు. ముప్ఫై ఏళ్ల కింద లోకల్‌గా తయారు చేయించినది. కింద 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ ఇండక్షన్ మోటర్. నేమ్ ప్లేటు మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 1440 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), 12.5 ఆంపియర్లు అని ఉంది. మోటర్ పుల్లీ 6 అంగుళాలు, బ్లేడు షాఫ్టు పుల్లీ 3 అంగుళాలు. అంటే బ్లేడు దాదాపు రెట్టింపు వేగంతో, 2900కు అటూ ఇటూగా తిరగాలి. ఇలాంటి మిషన్లు నగరంలో ఇంకా చాలా ఉన్నాయి. ఇనుము అరగదు, మోటరు మాత్రం రెండు మూడు సార్లు వైండింగ్ మారి ఉంటుంది.

కంప్లయింట్ ఇది. స్విచ్ వేస్తే ఒక్క క్షణంలో అందుకుంటుంది. ప్లైవుడ్ కోస్తుంది. రెండంగుళాల బల్లార్షా టేకును నిలువుగా చీల్చబోతే మాత్రం సగం దాకా వెళ్లి గొంతు మారుతుంది, బ్లేడు నెమ్మదిస్తుంది, చెక్క నల్లబడుతుంది. పావుగంట పని చేస్తే మోటరు మీద చెయ్యి పెట్టలేము. ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతట అదే పడిపోయే స్విచ్) మాత్రం ఒక్కసారి కూడా పడలేదు. మధ్యాహ్నాలు మరీ మొండికేస్తోందని పెద్దాయన అన్నారు. పక్క షెడ్డులో వెల్డింగ్ పని జరిగేది ఆ టైములోనే.

"ముషీరాబాద్‌ల ఉన్నప్పుడు ఎట్లుండె కాకా?" అని అడిగాను.

"ఆడ మంచిగనే నడిచింది. ఈడికి తెచ్చినంక నెల రోజులు మంచిగనే ఉండె. తర్వాత షురూ అయింది."

ఈ మాటను ఆ రోజు నేను సగమే విన్నాను.

మొదటి విజిట్

వెళ్లగానే గేటు పక్కనున్న బోర్డు దగ్గర వోల్టేజ్ చూశాను. 231. "కరెంటు మంచిగుంది కాకా, రోగం మిషన్లనే ఉంది" అని చెప్పేశాను. ఈ కేసులో నా మొదటి తప్పు అదే. అప్పటికి మిషన్ ఆగి ఉంది. నీళ్లు పారని పైపులో ప్రెషర్ ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది.

నాన్ కాంటాక్ట్ టాకోమీటర్‌తో బ్లేడు షాఫ్టు వేగం చూస్తే ఖాళీగా 2950. పెద్దాయన కుర్రాడితో రెండంగుళాల టేకు ముక్కను నిలువుగా పెట్టించాను. 2410కి పడిపోయింది. బోర్డు దగ్గర ఎంసీబీ వైరుకు క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెడితే ఖాళీగా 9.8 ఆంపియర్లు, కోస్తున్నప్పుడు 18 దాటింది.

ఖాళీగా తిరుగుతూనే పది ఆంపియర్లు లాగుతోందంటే కొత్తవాళ్లు కంగారుపడతారు. సింగిల్ ఫేజ్ ఇండక్షన్ మోటర్ తన లోపల అయస్కాంత క్షేత్రాన్ని నిలబెట్టుకోవడానికే చాలా కరెంటు తీసుకుంటుంది. ఫుల్ లోడ్ కరెంటులో సగానికి పైగా ఖాళీగానే లాగడం మామూలే. అయినా 9.8 కొంచెం ఎక్కువే అనిపించి, దాన్ని మనసులో పెట్టుకున్నాను.

అన్నిటికంటే ముందు బ్లేడు చూశాను. మోటర్ మెకానిక్కులు బ్లేడు చూడరు, వడ్రంగులు మోటరు చూడరు. సగం కేసులు ఈ రెండింటి మధ్యే ఉండిపోతాయి. ఇక్కడ ఉన్నది 80 పళ్ల బ్లేడు. లామినేట్ అంచులు విరగకుండా కోయడానికి కొన్నది, దాన్నే టేకు చీల్చడానికీ వాడుతున్నారు. నిలువుగా చీల్చేటప్పుడు పొట్టు పొడుగ్గా, దారాలుగా వస్తుంది. దానికి పళ్ల మధ్య చోటు కావాలి. 80 పళ్లలో ఆ చోటు ఎక్కడుంటుంది? పొట్టు అక్కడే ఇరుక్కుని రాసుకుంటుంది, వేడెక్కుతుంది. దానికి తోడు పళ్ల పక్కల టేకు జిగురు నల్లగా పేరుకుపోయి ఉంది. మూలన గోనె సంచిలో 24 పళ్ల బ్లేడు ఒకటి దొరికింది, పదునుగానే ఉంది. అది బిగించాక అదే టేకు ముక్కకు వేగం 2560.

తర్వాత బెల్టు. బి సెక్షన్ వీ బెల్టు పక్కలు అద్దంలా నునుపెక్కాయి. మధ్యలో బొటనవేలితో నొక్కితే అంగుళం దాకా దిగింది. పుల్లీల మధ్య దూరం అడుగున్నర ఉన్న చోట ఏడెనిమిది మిల్లీమీటర్లు దిగితే చాలు. కొత్త బెల్టు వేసి, మోటరు బేస్ వెనక్కి జరిపి, రెండు పుల్లీలు ఒకే వరసలో ఉన్నాయో లేదో దారం పట్టి చూశాను. 2620.

బేరింగులు చేత్తో తిప్పి చూశాను, గరగర లేదు. వైండింగుకు మెగ్గర్ (ఇన్సులేషన్ చూసే మీటర్) పెట్టాను, బాడీకి లీకేజీ లేదు. ఇక మిగిలింది కండెన్సర్లు, అంటే కెపాసిటర్లు.

ఈ మోటర్ మీద రెండు డబ్బాలు ఉంటాయి. ఒకటి స్టార్ట్ కెపాసిటర్. మోటరు కదలడానికి తోపు ఇచ్చి, వేగం సుమారు మూడొంతులు అందుకోగానే లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్ తెరుచుకుని అది తప్పుకుంటుంది. రెండోది రన్ కెపాసిటర్. ఇది మోటరు తిరిగినంత సేపూ లైనులోనే ఉంటుంది. "స్టార్టింగ్ బాగుంది కదా, కండెన్సర్ బాగున్నట్టే" అని చాలామంది వదిలేస్తారు. స్టార్టింగ్ బాగుంటే తెలిసేది మొదటి డబ్బా సంగతి మాత్రమే. రన్ కెపాసిటర్ సగం చచ్చినా మోటరు హాయిగా లేస్తుంది. లోడ్ మీదే అసలు రంగు బయటపడుతుంది.

సప్లై తీసి, కెపాసిటర్ కాళ్ల మధ్య బల్బు హోల్డర్ వైర్లు ఆనించి చార్జ్ దింపాను. స్క్రూ డ్రైవరుతో ఫట్‌మని పేల్చే అలవాటు చాలామందికి ఉంది, నాకు అది నచ్చదు. డబ్బా మీద 40 మైక్రోఫారడ్లు అని ఉంది, ప్లస్ లేదా మైనస్ 5 శాతం. మీటర్ చూపించింది 23. ఈ రకం కెపాసిటర్లలో ప్లాస్టిక్ ఫిల్మ్ మీద పల్చటి లోహపు పూత ఉంటుంది. ఎక్కడైనా చిన్న చిల్లు పడితే ఆ చుట్టూ పూత ఆవిరైపోయి, అది తనను తానే బాగు చేసుకుంటుంది. మంచి గుణమే, కానీ ప్రతిసారీ కొంచెం పూత పోతుంది. ఏళ్ల తరబడి వేడిలో, పొట్టులో నడిస్తే ఇలాగే 40 కాస్తా 23 అవుతుంది. పైకి ఉబ్బలేదు, కారలేదు. మీటర్ పెట్టకపోతే తెలిసే దారే లేదు.

మర్నాడు పొద్దున్నే రాణీగంజ్ వెళ్లి అదే విలువ, 440 వోల్టుల కెపాసిటర్ తెచ్చి వేశాను. రెండు వందల లోపు ఖర్చు. ఖాళీగా తిరిగే కరెంటు బోర్డు దగ్గర 9.8 నుంచి 7.6కి దిగింది. మోటర్ వైపు కూడా ఒకసారి చూద్దామని స్టార్టర్ (మిషన్ దగ్గర మోటరును ఆన్, ఆఫ్ చేసే స్విచ్ పెట్టె) మూత తీసి, ఒక వైరును బయటికి లాగి క్లాంప్ పెట్టాను. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి క్లాంప్‌లో పెడితే సున్నా చూపిస్తుంది కాబట్టి ఒక్కదాన్నే విడదీయాలి. టేకు పెట్టించాను. 15 ఆంపియర్లు, వేగం 2740. మోటరు గొంతు మారలేదు. పెద్దాయన మొహం వెలిగింది. మూత బిగించి, డబ్బులు తీసుకుని వచ్చేశాను.

స్టార్టర్ నిండా రంపపు పొట్టు ఉంది. ఊదాల్సింది. ఊదలేదు.

నాలుగు రోజులకు

"తమ్మీ, మల్ల గదే కథ."

నిజం చెప్పాలంటే టెన్షన్ వచ్చింది. కొత్త కెపాసిటర్ పోయిందేమో అనుకున్నాను. వెళ్లి తీసి చూస్తే 39.6. బెల్టు బిగువు సరిగ్గానే ఉంది. బ్లేడు అదే 24 పళ్లది. వేగం మాత్రం టేకులో 2520, కరెంటు 17. అంటే నేను మార్చిన వాటిలో ఏదీ చెడిపోలేదు, అయినా వచ్చిన లాభం సగానికి పైగా పోయింది. అలాంటప్పుడు మళ్లీ పార్టులు మార్చడం మొదలుపెడితే కస్టమర్ జేబు ఖాళీ అవుతుంది, రోగం అలాగే ఉంటుంది.

కాసేపు అక్కడే స్టూల్ మీద కూర్చుని చాయ్ తాగుతూ పెద్దాయన మొదట చెప్పిన మాట మళ్లీ తలుచుకున్నాను. షెడ్డు మారాక మొదలైంది. కెపాసిటర్ మూడు నెలల్లో 40 నుంచి 23కి దిగదు, అది ముషీరాబాద్‌లోనే అరిగిపోయి ఉండాలి. 80 పళ్ల బ్లేడూ అక్కడే కొన్నారు. ఇక్కడ కొత్తగా వచ్చినవి ఏమిటి? కరెంటు లైను, వైరింగు, ఆ వైర్లు కొత్తగా బిగించిన చోట్లు. నేను కొలిచింది మాత్రం గేటు దగ్గరి బోర్డులో, అదీ మిషన్ ఆగి ఉన్నప్పుడు. మిషన్ ఉన్నది షెడ్డు చివరన. మధ్యలో గోడ వెంబడి పైపులో 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, అడుగులు వేసి కొలిస్తే ముప్ఫై మీటర్లు.

ఇక్కడ లెక్క కొంచెం చెప్పాలి, కేసు అంతా దీని మీదే ఉంది. ఆ సైజు రాగి ఫ్లెక్సిబుల్ వైరుకు కిలోమీటరుకు దాదాపు 13 ఓములు. పోను ముప్ఫై, రాను ముప్ఫై, అరవై మీటర్లకు 0.8 ఓములు. వేడెక్కితే 0.9. 17 ఆంపియర్లు పారితే 15 వోల్టులు వైరులోనే పోతాయి. ఇండక్షన్ మోటరు తిప్పే బలం వోల్టేజ్ వర్గంతో మారుతుంది. వోల్టేజ్ పదో వంతు తగ్గితే బలం దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. పైగా వోల్టేజ్ తగ్గినా చెక్క అదే చెక్క. అదే పని చేయడానికి మోటరు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఎక్కువ లాగితే వైరులో ఇంకా ఎక్కువ పోతుంది. మోటరు తన గొయ్యి తానే తవ్వుకుంటుంది.

ఈసారి మిషన్ నడుస్తుండగా, చెక్క కోస్తుండగా, ఒక్కో చోట వోల్టేజ్ చూడాలని నిర్ణయించుకున్నాను. సప్లై బంద్ చేసి, మీటర్ వైర్లకు మొసలి క్లిప్పులు తగిలించి, టెర్మినళ్లకు పట్టించి, చేతులు వెనక్కి తీసుకున్నాకే ఆన్ చేయించాను. ఒక చేత్తో ప్రోబ్, ఇంకో చేత్తో టార్చి పట్టుకుని నడుస్తున్న బ్లేడు పక్కన వంగడం ఎవరూ చేయకండి. ప్రతి చోటుకీ మళ్లీ బంద్, మళ్లీ క్లిప్పు, మళ్లీ ఆన్. గంట పట్టింది. పాపం ఆ కుర్రాడు ఒకే టేకు దుంగను ఆరు పట్టీలుగా చీల్చాడు.

బోర్డు దగ్గర 231 ఉన్నది కోత మొదలవగానే 225 అయింది. అది బయటి లైను సంగతి, మన చేతిలో లేదు. స్టార్టర్‌లోకి వచ్చే చోట 210. అంటే వైరులో 15 పోయాయి, లెక్కకు సరిపోయింది. స్టార్టర్ నుంచి మోటరుకు వెళ్లే చోట 201.

స్టార్టర్‌లో 9 వోల్టులా? స్విచ్ అన్నది మూసి ఉన్నప్పుడు వైరు ముక్కతో సమానం. అందులో అర వోల్టు పోయినా అనుమానించాలి. మీటరు రెండు క్లిప్పులనూ ఒకే పోల్‌కు, లోపలికి వచ్చే వైరుకూ బయటికి వెళ్లే వైరుకూ పెట్టాను. ఫేజు పోల్ మీద 0.3. న్యూట్రల్ పోల్ మీద 8.7. కొలత మొత్తం ఆ ఒక్క చోటికి వచ్చి నిలబడింది.

స్టార్టర్ లోపల

సప్లై తీసి, లేనట్టు టెస్టర్‌తో ఖాయం చేసుకుని, ఈసారి పొట్టు మొత్తం ఊదాను. న్యూట్రల్ టెర్మినల్ కింద బేకలైట్ గోధుమ రంగు నుంచి నలుపుకు తిరిగింది. వైరు ప్లాస్టిక్ తొడుగు అంగుళం మేర గట్టిపడి పెళుసుగా ఉంది. స్క్రూ విప్పి వైరు బయటికి తీస్తే విషయం అర్థమైంది. షెడ్డులో వైరింగ్ చేసిన అతను తొడుగు సరిపడా ఒలవలేదు. స్క్రూ నొక్కుతున్నది ఎక్కువ భాగం ప్లాస్టిక్‌ని. రాగి పోగుల్లో నాలుగైదు మాత్రమే లోహాన్ని తాకుతున్నాయి. చేత్తో లాగితే వైరు గట్టిగానే ఉంటుంది, స్క్రూ బాగా బిగిసి ఉంటుంది. కరెంటుకు మాత్రం సందు ఇరుకు.

మొదటి నెల ఆ ప్లాస్టిక్ గట్టిగా ఉండి పోగులను నొక్కి పట్టింది. తర్వాత వేడికి మెత్తబడి కుంగింది, పట్టు వదిలింది. వదిలిన కొద్దీ వేడి, వేడెక్కిన కొద్దీ రాగి మీద నల్లటి తుప్పు పొర. "నెల రోజులు మంచిగనే ఉండె" అన్న మాటకు అర్థం ఇదే.

మరి మొదటి విజిట్ తర్వాత ఎందుకు బాగైంది? క్లాంప్ పెట్టడానికి నేను బయటికి లాగినది ఆ న్యూట్రల్ వైరునే. లాగి మళ్లీ లోపలికి తోసినప్పుడు పోగులు జరిగి, తాజా రాగి తగిలింది. నాలుగు రోజుల పాటు ఆ జాయింటు పని చేసింది. 2620 నుంచి 2740కి పెరిగిన వేగమంతా కెపాసిటర్ ఖాతాలో వేసుకుని నేను ఇంటికి వెళ్లాను. అందులో కొంత కెపాసిటర్‌దే, కొంత నా చెయ్యి తగలడం వల్ల వచ్చింది.

ఎంసీబీ ఎందుకు పడలేదని పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్న. ఎంసీబీ చూసేది కరెంటు ఎంత పారుతోందని మాత్రమే. అక్కడ ఉన్నది 25 ఆంపియర్లది, పారుతున్నది 17. దాని లెక్కలో అంతా బాగే. కరెంటు భూమిలోకి లీక్ అవడం లేదు కాబట్టి ఆర్‌సీసీబీ (లీకేజీకి పడే స్విచ్) ఉన్నా పడేది కాదు. కానీ ఆ స్క్రూ దగ్గర 8.7 వోల్టులు, 17 ఆంపియర్లు అంటే దాదాపు 150 వాట్ల వేడి. పాతకాలపు వంద వాట్ల బల్బు కంటే ఎక్కువ, వేలి గోరంత జాగాలో, రంపపు పొట్టు మధ్యలో. కోత ఆపినప్పుడల్లా చల్లబడుతోంది కాబట్టి సరిపోయింది. ఈ మాట విన్నాక పెద్దాయన స్టార్టర్ వైపు కాసేపు చూసి, "పొట్టు దినాం ఊడ్వాలె రా" అని కుర్రాడితో అన్నారు.

చేసిన పని

పాత స్టార్టర్ పడేసి కొత్త డీఓఎల్ (మోటరును నేరుగా లైనుకు కలిపే రకం) స్టార్టర్, మూతకు రబ్బరు గాస్కెట్ ఉన్నది పెట్టాను. అందులోని ఓవర్‌లోడ్ రిలేను (ఎక్కువ కరెంటు పారుతూ ఉంటే మోటరును ఆపేది) నేమ్ ప్లేటు ప్రకారం 12.5కి సెట్ చేశాను. బోర్డు నుంచి మిషన్ దాకా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. చివర్లన్నిటికీ లగ్గులు (వైరు కొసకు తొడిగే లోహపు తొడుగులు) వేసి క్రింప్ చేశాను, అంటే నొక్కి బిగించాను. ఖర్చులో ఎక్కువ భాగం వైరుదే. షెడ్డు మనది కాదు కదా, వైరు మీద అంత పెట్టాలా అని పెద్దాయన వెనకాడారు. ఖాళీ చేసినప్పుడు విప్పుకుని పోవచ్చు, పైపు పైనే వేస్తానని చెప్పాక ఒప్పుకున్నారు. మొదటి విజిట్‌కు తీసుకున్న కూలీలో సగం తగ్గించుకున్నాను. పొట్టు ఊదని పాపం నాదే కదా.

మళ్లీ అదే టేకు, అదే మందం. బోర్డు దగ్గర 226, మోటరు టెర్మినళ్ల దగ్గర 221. కరెంటు 13.5. వేగం 2800. రెండంగుళాల టేకులో నేమ్ ప్లేటు కన్నా ఒక ఆంపియరు ఎక్కువ లాగుతోంది, అదీ కోస్తున్నంత సేపే. దానికి కుర్రాడు కొంచెం నెమ్మదిగా తోయడమే మందు. రిలే ఆ మాత్రం ఓర్చుకుంటుంది. అరగంట ఆపకుండా కోయించాను. మోటరు మీద అరచెయ్యి ఆనించి ఉంచగలిగాను.

ఇంత పడిపోయిన వేగంలో ఏది ఎంత అని తర్వాత నోటు పుస్తకంలో రాసుకున్నాను. బ్లేడు వల్ల పోయింది 150, బెల్టు వల్ల 60. కెపాసిటర్‌ను, స్టార్టర్‌ను, వైరును విడదీసి చెప్పలేను, ఎందుకంటే మధ్యలో నేనే కదిపాను. కొలత తీసేటప్పుడు ఏ వైరునూ కదపకూడదని అప్పటి నుంచి పెట్టుకున్నాను. కదపక తప్పకపోతే ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వేగం చూస్తాను.

ఎవరైనా ఇలాంటి మిషన్‌తో తంటాలు పడుతుంటే నాదొక సలహా. పది రూపాయల వస్తువు మార్చే ముందే, చెక్క కోస్తుండగా మోటరు టెర్మినళ్ల దగ్గర వోల్టేజ్ ఒక్కసారి చూడండి. బోర్డు దగ్గరి అంకెతో పోల్చండి. తేడా పది దాటితే రోగం దారిలో ఉంది. తేడా లేకపోతే బ్లేడు, బెల్టు, రన్ కెపాసిటర్ వైపు వెళ్లండి. నేను తిరగేసి చేశాను కాబట్టి రెండుసార్లు వెళ్లాను.

ఇంకొక పని మిగిలింది. చెక్క అంచున నల్లటి కాలిన గీత ఇప్పటికీ కొంచెం వస్తోంది. చెక్కను ఆనించి తోసే గైడ్ పట్టీ వెనక చివర బ్లేడుకు ఒకటిన్నర మిల్లీమీటరు దగ్గరగా వాలుతోంది. చెక్క అక్కడ బ్లేడు వెనక పళ్లను ఒరుసుకుంటోంది. పవర్ కొంత అక్కడా పోతుంది, పైగా చెక్క ఎగిరి మీదికి వచ్చే ప్రమాదం ఉంది. బ్లేడు వెనక చీలిక కత్తి (కోసిన సందు మూసుకుపోకుండా ఆపే రేకు) కూడా ఈ మిషన్‌కు లేదు. ప్రస్తుతానికి క్లాంపుతో సరిచేసి పెట్టాను. గైడ్ లాకు పళ్లు అరిగిపోయాయి, లేత్ దగ్గర కొత్తది చేయించాలి. కొలతలు తీసుకుని వచ్చాను.